తిరగబోసే చెయ్యి

నాన్న మణికట్టు విరిగినప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. లేత సెలెరీ కాడని రెండుగా విరిస్తే ఎలా ఉంటుందో అలాగే, తడిగా, చిన్నగా, పుటుక్కుమంది. ఆ తర్వాత నాన్న వేసిన కేకే పెద్దది. బారు వెనక గుమ్మం దగ్గర భోజనం కారియరు పట్టుకుని నిలబడ్డ కూతురు పిట్ట ఆ రెండూ వింది. కేక నెమ్మదిగా మరుపున పడింది గానీ, ఆ చిన్న చప్పుడు మాత్రం చెవిలో గూడు కట్టుకుని కూర్చుంది.

విరిచింది ఎవరో కాదు, మేనమామ. అమ్మకి సొంత తమ్ముడు. తాగి గొడవ చేసేవాళ్ళని మెడబట్టి వీధిలోకి విసిరేయడం ఆ బారులో అతని ఉద్యోగం. ఒంటిని చూసి అందరూ దున్న అని పిలుస్తారు, అతనూ ఏమీ అనుకోకుండా పలుకుతాడు. విరవమన్నది బారు యజమాని. కుర్చీలో కాలు మీద కాలేసుకుని, పళ్ళ సందులో పుల్ల కదుపుతూ, "కుడిది" అన్నాడు, అంతే. మామయ్య ఒక్క క్షణం బావ మొహంలోకి చూశాడు. "కళ్ళు మూసుకో బావా" అన్నాడు. సూది గుచ్చబోయే నర్సు పసివాడితో చెప్పినంత నెమ్మదిగా అన్నాడు. అదే పిట్టకి అన్నిటికంటే మండింది.

ఇంత రభసా ఒక ఎర్ర గ్లాసు గురించి. దాని అసలు పేరు బ్లడీ మేరీ. బారులో పనిచేసేవాళ్ళు మాత్రం 'ఎర్రది' అనేవాళ్ళు. తీపి లేని మందు అది. టమాటాలని మరిగే నీళ్ళలో ముంచి, తోలు వలిచి, నలిపి, జల్లెడలోంచి దింపిన చిక్కటి రసం. అందులో వోడ్కా, నిమ్మరసం, ఉప్పు, అప్పుడే దంచిన మిరియాలు, మిరపకాయ సాసు, పుల్లటి నల్ల సాసు చుక్కలు, ఊరేసిన దోసకాయల సీసాలోంచి ఒక చెంచాడు ఉప్పునీళ్ళు. మీద ఒక సెలెరీ కాడ, కొత్తిమీర లాంటి ఆకులున్న లావుపాటి పచ్చి కాడ. శనివారం ఒళ్ళు మరిచి తాగినవాళ్ళు ఆదివారం పొద్దున తల రెండు చేతుల్లో మోసుకుంటూ వచ్చి, నాన్న ముందు వరసగా కూర్చునేవాళ్ళు. పిట్ట పుట్టకముందు నుంచీ ఆ గ్లాసు నాన్నదే. ఆదివారం పొద్దుటి గిరాకీ మొత్తం ఆ గ్లాసుదే.

ఎదురుగా ఇంకో బారు తెరిచారు. రమ్మన్నారు. నాన్న వెళ్తానన్నాడు.

"పో. ఎవరు వద్దన్నారు?" అన్నాడు యజమాని. "ఎర్రది మాత్రం ఇక్కడ వదిలేసి పో."

నాన్న దాపరికం ఎరగని మనిషి. ఏది ఎంత వెయ్యాలో, ఏది ముందో ఏది వెనకో, కొత్తగా వచ్చిన కుర్రవాడికి కూర్చోబెట్టి మరీ చెప్పాడు. నాన్న లేని పూట వాడు అచ్చం అలాగే చేశాడు. గ్లాసు ముందు కూర్చున్నవాళ్ళు ఒక గుక్క తాగి మొహాలు చిట్లించారు. నీళ్ళనీళ్ళగా ఉందన్నారు, మీద నురగేమిటన్నారు. యజమాని మళ్ళీ అడిగాడు. నాన్న మళ్ళీ అదే చెప్పాడు. ఇంకేదో దాస్తున్నాడని యజమానికి గట్టిగా నాటుకుపోయింది. ఆ పైన "కుడిది" అన్నాడు.

పోలీసు స్టేషనుకి పోదామా అంటే, ఆ స్టేషను పెద్దాయనకి ఆ బారులో ఫ్యాను కింద సొంత కుర్చీ ఉంది.

వాళ్ళు ఉండేది వెల్డింగ్ షాపు మీద రెండు గదుల్లో. కింద ఇనుము కోస్తుంటే పైన గిన్నెలు వణికేవి. నాన్న చేతికి పిండికట్టు వేయించుకుని వచ్చాక, నాలుగు రోజులు గోడకేసి తిరిగి పడుకున్నాడు. అయిదో రోజు లేచి వంటింట్లోకి వెళ్ళి, రెండు స్టీలు గ్లాసులు తీసుకుని, ఒకదాన్ని గట్టు మీద పెట్టి, రెండోదాన్ని నీళ్ళతో నింపి, ఎడం చేత్తో పొయ్యడం మొదలుపెట్టాడు. నీళ్ళు గ్లాసులో తప్ప అన్ని చోట్లా పడ్డాయి.

మిషను కుట్టుకుంటున్న అమ్మ అక్కణ్ణుంచే కేకేసింది. "కానివ్వు, కానివ్వు. ఇల్లు కడిగే పని తప్పింది నాకు."

"నవ్వు. రెండు నెలల్లో ఈ చెయ్యి ఆ చెయ్యయిపోతుంది చూడు. ఎదురు బారువాళ్ళు ఆగుతామన్నారు."

"ఆ మాట వీధిలో అరవకు. ఆ పుల్ల నోటివాడికి వినపడుతుంది."

పిట్ట ఫోటోలకి ఫ్రేములు కట్టే దుకాణంలో అద్దాలు కోస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో చతికిలపడి నాన్నని చూసేది. మాటలు తక్కువ మనిషి, చూపు ఎక్కువ. పొయ్యడం మొదలుపెట్టిన నాలుగో నాటికి నాన్న చెయ్యి కాస్త కుదిరింది. ఎడం చేతి గ్లాసుని వంచి కింది గ్లాసులోకి జార్చేవాడు. కింది గ్లాసు తీసుకుని మళ్ళీ ఖాళీ గ్లాసులోకి. మళ్ళీ ఇందులోంచి అందులోకి. ఎక్కడా తొందర లేదు, ఎత్తు లేదు.

"అదేమిటి నాన్నా, వేడి టీ చల్లార్చినట్టు?"

"ఎర్రదాన్ని కలిపేది ఇలాగే కదే పిచ్చిదానా. మంచుముక్కలతో సహా తిరగబోస్తాం. గ్లాసు అంచు మీంచి జారాలి, దూకకూడదు."

పిట్టకి, బారు వెనక గుమ్మంలో నిలబడి ఎన్నోసార్లు చూసిన కొత్త కుర్రవాడు కళ్ళ ముందు మెదిలాడు. స్టీలు డబ్బా భుజం మీదికెత్తి, చెవి పక్కన, గలగలగలమని.

"ఆ కుర్రాడు డబ్బాలో వేసి గిలకొడతాడు కదా."

నాన్న చెయ్యి ఆగిపోయింది. "ఎర్రదాన్నా?"

"అన్నిటినీ."

"టమాటా రసాన్ని గిలకొడతాడా?" కొడుకుని ఎవరో కొట్టారని విన్నట్టు లేచి నిలబడ్డాడు నాన్న. "గిలకొడితే ఇంకేముందే! నురగెక్కి, మంచంతా కరిగి, కడుగునీళ్ళయిపోతుంది!"

"తిరగబొయ్యాలని వాళ్ళకి చెప్పావా?"

"చెప్పేదేముంది? మంచినీళ్ళు ఇచ్చి మింగమని కూడా చెప్తామా ఎవరికైనా?" అంటూనే ఆయన మాట మధ్యలో తెగిపోయింది. పిండికట్టు వేసిన చేతికేసి చూసుకున్నాడు. ఎవరూ అడగని మాట, తను చెప్పాలని తోచని మాట, చెయ్యి విరిగేదాకా వచ్చింది.

మామయ్య ఆ మర్నాడే వచ్చాడు. గుమ్మం దాటలేదు.

"బయటే ఏం? పళ్ళెంలో కాళ్ళు కడిగి తీసుకురావాలా లోపలికి?" అంది అమ్మ మిషను ఆపకుండా.

"అక్కా, ఆదివారం పొద్దున సారు వస్తాడంట. బావ చెప్పాలి, పిల్ల ఎర్రది కలపాలి, ఆయన ముందే. రుచి కుదరకపోతే..." మామయ్య గొంతు సవరించుకున్నాడు. "రెండో చెయ్యి కూడా."

మిషను ఆగింది. "కుదిరితే? కుదిరితే వదిలేస్తాడా?"

మామయ్య చెప్పుల కేసి చూశాడు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ అంత పెద్ద మనిషి, ఎక్కడ దాక్కోవాలో తెలియనట్టు కుంచించుకుపోయాడు.

"అడుగుతున్నాను, చెప్పరా. ఎదురు బారుకి పోకుండా ఆ చెయ్యి కూడా తీసెయ్యమన్నాడు కదూ?"

"నేనేం చెయ్యనక్కా? నా పనే అది."

"నీకు పాలు పట్టిన చేతులురా ఇవి. ఆ రోజే గొంతులో వేలు పెట్టి ఉంటే పీడా పోయేది" అంది అమ్మ. మామయ్య తల ఊపి మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం తండ్రీకూతుళ్ళకి మొదటిసారి మాటా మాటా వచ్చింది. తిరగబొయ్యడం గురించి చెప్పేస్తే గొడవ వదిలిపోతుందని నాన్న. చెప్పిన మరుక్షణం ఆ చేతితో వాడికి పనుండదని, పనిలేని చేతిని ఎదురు బారుకి పోనివ్వడని పిట్ట.

"చెప్పకపోతే రుచి కుదరదు. అప్పుడూ విరుస్తాడు కదే!"

"రుచి కుదరాలి. ఎందుకు కుదిరిందో వాడికి తెలియకూడదు. అప్పుడు మనతో అవసరం ఉంటుంది."

"ఎలా?"

ఎలాగో పిట్టకి కూడా తెలియదు. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం రెండు గ్లాసులు పట్టుకుని నాన్న ముందు కూర్చుంది. ముందు నీళ్ళతో, తర్వాత టమాటా రసంతో. అద్దం కోసే చెయ్యి కాబట్టి వణకదు. "దూకింది" అనేవాడు నాన్న. "మళ్ళీ దూకింది." చివరికి ఒకరోజు ఏమీ అనలేదు. పిట్ట తలెత్తి చూస్తే ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఆదివారం పొద్దున కింద వెల్డింగ్ షాపుకి సెలవు లేదు. ఎవరిదో గేటు పని. ఇనుము కోసే రంపం అరుస్తూనే ఉంది. ఇక్కడ ఎవరు అరిచినా కిందికి వినపడదని పిట్ట అనుకుంటూ ఉండగానే మెట్ల మీద అడుగులు వినిపించాయి.

యజమాని పొట్టి మనిషి, శుభ్రమైన మనిషి. పౌడరు వాసన వేస్తాడు. లోపలికొచ్చి నాలుగు వైపులా చూసి, "ఇల్లు అద్దంలా పెట్టుకున్నావు చెల్లెమ్మా" అన్నాడు అమ్మతో. రుమాలులో చుట్టి తెచ్చిన స్టీలు డబ్బాని, వోడ్కా సీసాని గట్టు మీద పెట్టాడు. మామయ్య వంటింటి గుమ్మం నింపి నిలబడ్డాడు.

నాన్న ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. పిట్ట గట్టు దగ్గర. టమాటా రసం పొద్దున్నే తీసి పెట్టింది. పక్కన మంచుముక్కలు, నిమ్మకాయలు, కత్తి, ఉప్పు, మిరియాలు, సాసు సీసాలు, దోసకాయల ఉప్పునీళ్ళు, సెలెరీ కాడలు.

"మొదలుపెట్టమ్మా. నా డబ్బాలోనే చెయ్యాలి. నా బారులో ఎలా చేస్తారో అలాగే" అన్నాడు యజమాని. "ఏమయ్యా, ఒక్కొక్కటీ చెప్పు. నీ అయ్య సొత్తు కాదది."

నాన్న చెప్పాడు. పిట్ట వేసింది. యజమాని చుక్క చుక్కకీ పెదాలు కదుపుతూ లెక్క చూసుకున్నాడు. అన్నీ వేశాక పిట్ట మూత బిగించి, డబ్బాని భుజం మీదికెత్తి గిలకొట్టింది. ఆ గలగలకి నాన్న మొహం ముడుచుకుపోయింది. నోరు తెరవబోయాడు. పిట్ట ఆయన పాదం మీద మడమ పెట్టి నొక్కింది.

గ్లాసులోకి వంచితే పైన గులాబి రంగు నురగ తేలింది. యజమాని ఒక గుక్క పుక్కిలించి నేల మీద ఉమ్మేశాడు.

"మళ్ళీ అదే. టమాటాలు కడిగిన నీళ్ళు."

ఆ మాట కోపంగా అనలేదు. అంటూనే డబ్బాని పైకెత్తి నాన్న మూతి మీద కొట్టాడు. ఇంకోసారి. డబ్బా అంచు పెదవిని పంటికేసి నొక్కి చీల్చింది. నాన్న పీట మీంచి వెనక్కి పడ్డాడు. డబ్బాలో మిగిలిన రసం ఆయన మొహం మీద, చొక్కా మీద చిమ్మింది. ఏది రసమో ఏది రక్తమో తెలియలేదు. ఒక పన్ను మాత్రం తెల్లగా, నేల మీద దొర్లుకుంటూ పోయి గ్యాసు బండ కింద ఆగింది.

అమ్మ అరుస్తూ మీద పడబోయింది. మామయ్య ఒక చేత్తో ఆమె నడుం పట్టి ఆపేశాడు. ఆమె అతని చేతిని కొరికింది. కండలోకి పళ్ళు దిగాయి. అతను కదల్లేదు.

యజమాని గట్టు మీది కత్తి తీసుకున్నాడు. నాన్నని జుట్టు పట్టి లేపి పీట మీద కూర్చోబెట్టి, ఆయన ఎడం చేతిని గట్టు మీద పరిచి, వేళ్ళ మధ్య కత్తి మొన గుచ్చాడు. చిటికెన వేలి చర్మం చీలి, రక్తం సన్నగా గట్టు అంచుదాకా పాకింది.

"ఇంకొక్కసారి. ఆ పైన నా ఓపిక అయిపోతుంది."

పిట్ట డబ్బా తీసుకోబోయి ఆగింది. దాని అంచుకి నాన్న నెత్తురు, పెదవి తోలు ముక్క అంటుకుని ఉన్నాయి.

"దీనికి రక్తం అంటింది" అంది. "గ్లాసుల్లో చేస్తాను."

యజమాని డబ్బా వంక చూసి మొహం తిప్పుకున్నాడు. శుభ్రమైన మనిషి కదా. "దేంట్లోనో తగలెయ్. త్వరగా కానీ."

పిట్ట రెండు స్టీలు గ్లాసులు తీసింది. మంచుముక్కలు, రసం, వోడ్కా, నిమ్మ, ఉప్పు, మిరియాలు. యజమాని మళ్ళీ చుక్కలు లెక్కపెట్టాడు. సాసు పడుతున్నంతసేపూ రెప్ప వెయ్యలేదు. సాసులు అయిపోగానే చూపు సడలి, చొక్కా కఫ్ మీద పడ్డ ఎర్రటి చుక్కని గోటితో గీకడం మొదలుపెట్టాడు. అప్పుడు పిట్ట చెంచాడు ఉప్పునీళ్ళు పోసి, తిరగబోసింది. ఇందులోంచి అందులోకి, అందులోంచి ఇందులోకి, అంచు మీంచి జారుతూ. దూకలేదు.

గుమ్మంలోంచి మామయ్య చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ బారు గుమ్మంలో నిలబడి ఆ పొయ్యడం చూసినవాడు. అతని కళ్ళు గ్లాసులతో పాటు పైకీ కిందికీ కదిలాయి. పిట్ట చూపూ అతని చూపూ కలిశాయి. అతనికి అర్థమైందని పిట్టకి తెలిసిపోయింది.

యజమాని గుక్క తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకో గుక్క. పెదాలు నాలికతో తుడుచుకున్నాడు.

"ఇదే" అన్నాడు. "ఇదే! ఏం మార్చావే?"

"ఉప్పునీళ్ళు" అంది పిట్ట. "ఇంకో రెండు చెంచాలు ఎక్కువ పోశాను."

"ఏరా దున్నా, నువ్వు చూస్తున్నావుగా. నిజమేనా?"

కింద రంపం ఆగింది. ఆ కాస్త నిశ్శబ్దంలో కొళాయి చుక్కలు వినిపించాయి. మామయ్య చేతి మీద అక్క పళ్ళ గాట్లు ఎర్రగా తేలి ఉన్నాయి.

"అవును సార్" అన్నాడు. "ఉప్పునీళ్ళు ఎక్కువ పోసింది."

పిట్ట ఊపిరి వదిలింది. వదిలాక గానీ తను చేసిన పొరపాటు తట్టలేదు. అవసరం మిగల్చాలనుకుంది. రహస్యం మొత్తం చేతికొచ్చేసిందని అతను నమ్మేలా చేసింది.

"చెంచాడు ఉప్పునీళ్ళ కోసం ఇంత నాటకమా! ముందే చెప్పి ఉంటే పోయేదిగా" అని నవ్వాడు యజమాని. గ్లాసు పూర్తిగా తాగి పక్కన పెట్టాడు. రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. "సరే. ఇంక ఇతనితో పని లేదు. కానియ్యిరా. ఎడంది."

"రుచి కుదిరిందిగా సార్."

"కుదిరిందనే చెప్తున్నాను. ఆ చెయ్యి ఎదురు బారులో పని చేస్తుంటే నేను చూస్తూ కూర్చోవాలా? బావ అని వెనకాడుతున్నావా? మొన్న లేని బంధుత్వం ఇవాళ పుట్టుకొచ్చిందా?"

మామయ్య అక్కని పక్కకి నెట్టాడు. లోపలికొచ్చి మోకాలి మీద కూర్చుని బావ ఎడం చేతిని రెండు చేతుల మధ్యకి తీసుకున్నాడు. నాన్న పెనుగులాడలేదు. చీలిన పెదవితో, "ఒరేయ్, ఇది ఇప్పుడే నేర్చుకుందిరా" అన్నాడు.

మామయ్య ఈసారి "కళ్ళు మూసుకో" అని కూడా అనలేదు. పట్టు బిగించాడు.

పిట్ట గట్టు కేసి తిరిగింది. రెండో గ్లాసులో అడుగున కాస్త ఎర్రది మిగిలి ఉంది. మిరపకాయ సాసు సీసా మూత పీకి మొత్తం అందులో బోర్లించింది. మిరియాల గిన్నె, కోసిన నిమ్మచెక్క రసం, పిడికెడు ఉప్పు. ఇదొక్కటి తిరగబొయ్యలేదు. తిరిగి, యజమాని మొహానికి మూరెడు దూరం నుంచి, తెరిచి ఉన్న రెండు కళ్ళలోకి కొట్టింది.

మనిషి అలా అరుస్తాడని ఆమెకి తెలియదు. పంది గొంతు కోసినా అంత కీచుగా రాదు. రెండు చేతులతో కళ్ళు పొడుచుకుంటున్నట్టు రుద్దుకున్నాడు. రుద్దినకొద్దీ మంట లోపలికి పోయింది. గోడకి గుద్దుకున్నాడు, గట్టుకి గుద్దుకున్నాడు. గిన్నెలు దభదభమని పడ్డాయి. తడుముకుంటున్న చేతికి కత్తి దొరికింది.

"చంపేస్తాను! ఎక్కడున్నావురా! నిన్నూ నీ కూతుర్నీ కోసి..."

గుడ్డిగా, అడ్డంగా విసిరాడు. నాన్న కోసం విసిరాడు. నాన్న పీట ముందు మోకాళ్ళ మీద ఉన్నది మామయ్య. కత్తి అతని చెవి దగ్గర మొదలై దవడదాకా తెరిచింది. ఎర్రటి నోరు ఇంకొకటి చెంప మీద పుట్టినట్టయింది. నెత్తురు నాన్న పిండికట్టు మీద పడి, తెల్లదంతా ఎర్రగా పీల్చుకుంది. కత్తి మళ్ళీ లేచింది.

మామయ్య ఆలోచించలేదు. ఆ చేతులకి ఆలోచన అక్కర్లేదు. కత్తి పట్టిన చెయ్యి మీదికి వస్తే ఏం చెయ్యాలో వాటికి నిద్రలో కూడా తెలుసు. అది నేర్పి, పోషించి, గుమ్మంలో నిలబెట్టింది ఆ యజమానే. ఒక చెయ్యి మణికట్టుని పట్టింది. రెండోది మోచేతి కింద దూరింది. మెలి.

పుటుక్కుమంది.

కత్తి నేల మీద పడింది. యజమాని కుప్పకూలిపోయి, కళ్ళు తెరవలేక, విరిగిన చేతిని పొట్టకి అదుముకుని అరిచాడు. "దున్నా! దున్నా, ఎక్కడ చచ్చావురా! చెయ్యి విరిచేశాడు! వాణ్ణి పట్టుకోరా!"

"నేనే సార్" అన్నాడు మామయ్య.

అరుపు ఆగిపోయింది. కింద రంపం మళ్ళీ మొదలైంది.

అందరికంటే ముందు కదిలింది అమ్మ. మూలనున్న రోకలి తీసుకుని తమ్ముడి వీపు మీద మోదింది. భుజం మీద మోదింది. "మొన్న ఎక్కడికి పోయిందిరా ఈ చెయ్యి! మొన్న ఎక్కడికి పోయింది!" అంటూ ఏడుస్తూ, ఊపిరి అందనంతసేపు మోదింది. మామయ్య చెంప పట్టుకుని, తల వంచుకుని, కొట్టించుకున్నాడు. ఆమె చేతిలోంచి రోకలి జారిపోయాక, లేచి, కొళాయి కింద మొహం పెట్టి కడుక్కుని, అమ్మ కుట్టిన దిండు గలీబు ఒకటి లాగి చెంపకి కట్టుకున్నాడు. యజమానిని మూటలా భుజాన వేసుకున్నాడు. తాగి గొడవ చేసినవాణ్ణి బయటపడేసేటప్పుడు ఎలా దిగుతాడో అలాగే మెట్లు దిగాడు.

యజమాని తన మనిషి చేతిలోనే చెయ్యి విరగ్గొట్టించుకున్నాడన్న మాట వీధి వీధంతా పాకింది. ఆ బారులో భయమంతా గుమ్మం దగ్గర నిలబడ్డ ఒక్క ఒళ్ళులోనే ఉండేదని, ఆ ఒళ్ళు పక్కకి జరిగాక గానీ ఎవరికీ తెలియలేదు. స్టేషను పెద్దాయన కూడా కుర్చీ మార్చుకున్నాడు. అక్కడ ఎర్రదాన్ని ఇప్పటికీ గిలకొడుతూనే ఉన్నారు. పైగా ఉప్పునీళ్ళు గరిటెలతో పోస్తున్నారట. తాగినవాళ్ళు సముద్రంలో పడి లేచినట్టు దగ్గుతున్నారని ఎదురు బారులో చెప్పుకుని నవ్వుతారు. అక్కడ నాన్న ఎడం చేత్తో పోస్తాడు. ఆదివారం రద్దీ ఎక్కువైతే పక్కన పిట్ట నిలబడుతుంది.

చలి మొదలయ్యాక మామయ్య ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. చెంప మీద మచ్చ తాడు అతికించినట్టుంది. ఎప్పటిలాగే గుమ్మం బయటే నిలబడ్డాడు. అమ్మ మిషను ఆపలేదు, తలెత్తలేదు.

"రారా, లోపలికి రా" అన్నాడు నాన్న చివరికి. పన్ను పోయిన సందులోంచి మాట ఈలలా వచ్చింది. "ఏం తాగుతావు?"

మామయ్య పీట మీద ఒదిగి కూర్చున్నాడు. పిట్ట వంక చూడకుండా, "నీ చేతి ఎర్రది ఒకటి ఇస్తావా పిట్టా?" అన్నాడు.

పిట్ట లేచింది. అన్నీ కొలత తప్పకుండా వేసింది. ఆ రోజు యజమాని వదిలేసి పోయిన స్టీలు డబ్బా పై అరలో ఉంది. దాన్ని దించి, మూత బిగించి, భుజం మీదికెత్తి గిలకొట్టింది. గలగలగలమని ఇల్లంతా మోగింది. నాన్న "పిట్టా" అనబోయి మానేశాడు. మిషను మీద అమ్మ పాదం ఆగింది. మామయ్య నేల కేసి చూస్తూ కూర్చున్నాడు.

గ్లాసులో నురగ తేలింది. పిట్ట సెలెరీ కాడ తీసుకుంది. నాన్న చెయ్యి విరిగిన నాటినుంచీ ఆమె వాటిని కత్తితోనే కోస్తుంది, చేత్తో ఎప్పుడూ విరవదు. ఈసారి అతని ముందు నిలబడి రెండు చేతులతో పట్టుకుని విరిచింది. మామయ్య భుజాలు ఉలిక్కిపడ్డాయి. ఒక సగం గ్లాసులో గుచ్చి అందించింది.

అతను తాగాడు. ఎక్కడా ఆగకుండా, మొహం చిట్లించకుండా, మంచు నీళ్ళదాకా తాగాడు.

"ఎలా ఉంది మామయ్యా?"

గ్లాసుని రెండు చేతుల్లో పట్టుకుని కాసేపు తిప్పాడు. "బాగుందమ్మా" అన్నాడు. తర్వాత, "వచ్చే ఆదివారం కూడా రానా?"

"రా" అంది పిట్ట.

డబ్బా కడిగి, తుడిచి, మళ్ళీ పై అరలో, చేతికి అందేచోట పెట్టింది.